అంగడివాడు చెప్పిన పేరు, పెట్టెలో ఉన్న పాము



పోయిన ఉగాది రోజు మన సంఘం భోజనాల్లో ఎదుటి వరసలో కూర్చున్న ఒక వదినగారు అడిగారు: "మీ ఇంట్లో పామును పెంచుతున్నారట, నిజమేనా?" పక్కవాళ్లు నవ్వారు. ఇద్దరు మాత్రం నవ్వలేదు. వాళ్ల పిల్లలు కూడా అంగడిలో పామును చూసి కావాలని మారాం చేస్తున్నారట. పాయసం చల్లారేలోపు చెప్పే కథ కాదు గనక "తీరిగ్గా రాస్తాం" అన్నాం. ఆ మాట చెల్లించడానికే ఇది.

మా కూతురి కొడుకు కాలేజీ చదువుకోసం పెరంబూరులో మా దగ్గరే ఉండేవాడు. 2024 జనవరిలో ఒక రాత్రి చెప్పుల పెట్టె అంత అట్టపెట్టె పట్టుకొచ్చాడు. మూతకు నాలుగు బొక్కలు. "తాతా, అవ్వా, అరవకండి" అన్నాడు. ఆ మాటకే మాలో ఒకరు అరిచేశాం. ఎవరో చెప్పం. లోపల మూరకు కొంచెం ఎక్కువ పొడుగున్న పాము. ముదురు గోధుమ రంగు ఒళ్లు, దాని మీద లేత మట్టిరంగు మచ్చలు. మమ్మల్ని చూసి బుస కొట్టలేదు, పడగ ఎత్తలేదు. ఉండలా చుట్టుకుని తల నడిమధ్య దాచుకుంది. మాకు దాన్ని చూసి ఎంత భయమో, దానికి మమ్మల్ని చూసి అంతకు రెండింతలు.

"ఏం పామురా ఇది?" అంటే, "ఫ్యాన్సీ పైథాన్ అన్నాడు అంగడివాడు. చిన్న జాతి. రెండడుగులు దాటదు. విషం లేదు. వారానికి ఒక ఎలుక చాలు" అన్నాడు. బిల్లు ఏదంటే లేదు. చీటీ కూడా లేదు.

మాలో ఒకరు ముప్పై ఏళ్లకు పైగా రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తా. అక్కడ ఒకడు మూట తెచ్చి "లోపల బట్టలు" అంటే రసీదు మీద "సెడ్ టు కంటైన్" అని వేసి, పక్కన బట్టలు అని రాసేవాళ్లం. లోపల బట్టలున్నాయని కాదు, ఉన్నాయని వాడు చెప్పాడని దాని అర్థం. అన్నేళ్లు ఆ మాట రాసిన చెయ్యి, ఆ రాత్రి మాత్రం అంగడివాడి మాటను అలాగే నమ్మేసింది. మనవడి ముఖంలో సంతోషం చూసి పెట్టెలో ఏముందో అడగడం మానేశాం. మా మొదటి తప్పు అదే.

మూడు నెలలు వాడే చూసుకున్నాడు. చేపల అంగడిలో దొరికే గాజు తొట్టి కొని, మీద చెక్కమూత పెట్టి, దాని మీద రెండు ఇటుకలు పెట్టాడు. "రాజా" అని పేరు కూడా పెట్టాడు. ఏప్రిల్ చివర్లో వాడికి పుణెలో ఉద్యోగ శిక్షణ వచ్చింది. హాస్టల్లో పామును రానివ్వరు. తొట్టికి ఒక చీటీ అంటించి బండెక్కాడు: "వారానికి ఒక ఎలుక. నీళ్లు మార్చండి. ముట్టుకోవక్కర్లేదు."

ముట్టుకోవక్కర్లేదు అన్న ముక్క మాకు బాగా నచ్చింది. కానీ మే నెల మొదలయ్యాక పాము తినడం మానేసింది. ఒక వారం, రెండు వారాలు, అయిదు వారాలు. అదే సమయానికి మేడమీది ఇంటాయన కిటికీలోంచి తొట్టిని చూసి, "అయ్యో, ఇది కన్నాడి విరియన్ పిల్ల" అని కర్ర కోసం పరుగెత్తారు. ఆయన్ని కాఫీ ఇచ్చి ఆపాం. మర్నాడు పాలు పోసే అబ్బాయి చూసి, "ఇది మలైపాంబు పిల్ల. ఫారెస్టువాళ్లకు తెలిస్తే మీ ఇద్దరినీ పట్టుకుపోతారు" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మొదటాయన మాట నిజమైతే అది ప్రాణాలు తీసే పాము. రెండో మాట నిజమైతే జైలు. మన కొండచిలువ వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. అలాంటి ప్రాణి మీద నేరానికి కనీసం మూడేళ్ల శిక్ష. అంగడివాడి మాటే నిజమైతే ఏ భయమూ లేదు. పాము ఒకటే, పేర్లు మూడు. ఏ పేరు నిజమో మాకు తెలియదు.

పాముల పేర్ల దగ్గర మనలాంటివాళ్లకు ఇంకొక చిక్కు ఉంది. మేమిద్దరం చదివింది తమిళ బడిలో. ఇంట్లో నాయన "రక్తపింజర" అంటే, బడిలో అయ్యవారు "కన్నాడి విరియన్" అనేవారు. రెండూ ఒకటేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇంట్లో కట్లపాము, బడిలో కట్టు విరియన్. ఇంట్లో జెర్రిపోతు, బడిలో సారైపాంబు. వీటన్నిటికంటే పెద్ద తికమక నాగుపాముది. తమిళంలో దాన్ని "నల్ల పాంబు" అంటారు, మంచి పాము అని. మన తెలుగు చెవికి నల్ల అంటే కారు నలుపే. రెండో తరగతిలో అయ్యవారు "నల్ల పాంబు కనిపిస్తే దగ్గరికి పోకండి" అన్నప్పుడు, మాలో ఒకరు నల్లటి పాములనే తప్పించుకుంటూ తిరిగాం. ఒకసారి గడ్డివాము దగ్గర గోధుమరంగు పామును పుల్లతో కదిలించబోతే, అది లేచి పడగ విప్పింది. వెనక నుంచి నాయన రెక్క పట్టుకుని లాగకపోతే ఇప్పుడు ఈ ముక్కలు రాసేవాళ్లలో ఒకరు తక్కువయ్యేవారు.

అందుకే ఈసారి ఇంకొకరి మాట పట్టుకోకుండా కళ్లతో చూద్దామనుకున్నాం. మనవడి చేత ఫోన్లో ఎలా తీయాలో చెప్పించుకుని పాము తల, నడుము, తోక విడివిడిగా ఫోటోలు తీశాం. పెరంబూరు నుంచి సెంట్రల్, అక్కడినుంచి పార్క్ స్టేషన్‌లో బండి మారి గిండి పాముల పార్కుకు పోయాం. రోములస్ విటేకర్ మొదలుపెట్టిన ఆ పార్కు 1972 నుంచి గిండీలోనే ఉంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎన్నోసార్లు తీసుకుపోయాం కానీ, ఏనాడూ బోర్డులు చదవలేదు. ఆ రోజు ఒక్కొక్క గాజు ముందు నిలబడి, ఫోను పక్కన పెట్టి చూశాం.

రక్తపింజర వీపు మీద కళ్లలాంటి గుడ్రటి మచ్చలు మూడు వరసలుగా, గొలుసు పరిచినట్టు ఉంటాయి. పొలుసుల మీద గీటు ఉండి ఒళ్లు గరుకుగా కనిపిస్తుంది. కోపం వస్తే కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. మా ఇంట్లోదానికి మచ్చలు వరసలో లేవు, ఒళ్లు నూనె రాసినట్టు నున్నగా ఉంది. కొండచిలువ తలమీద బాణపు ముల్కిలాంటి గుర్తు, లేత రంగు ఒంటిమీద పెద్ద గోధుమ మచ్చలు ఉన్నాయి. మాదానిది దానికి తిరగవేసినట్టుంది, ముదురు ఒళ్లు, లేత మచ్చలు.

అక్కడ నేర్చుకున్నది ఇంకొకటి కూడా ఉంది. తల త్రికోణంగా ఉంటే విషపాము అని మనలో చాలామంది నమ్ముతాం. విషం లేని కొండచిలువ తల త్రికోణమే. కంటి పాప నిలువుగా చీలినట్టే ఉంటుంది. విషమున్న నాగుపాముకు, కట్లపాముకు తల త్రికోణం కాదు. ఆ ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పేవాడు ఒకరోజు అమాయకపు పామును చంపుతాడు, ఇంకొకరోజు కట్లపామును చేత్తో పట్టుకుంటాడు.

ఇంటికి వచ్చేసరికి మా మనసు సగం తేలికపడింది. ఇది రెండూ కాదు. కానీ ఏదో మాత్రం తెలియలేదు. ఆ సగం ధైర్యంతోనే పెద్ద తప్పు చేశాం. ఆకలితో చస్తుందేమోనని ప్రాణమున్న ఎలుకను కొనుక్కొచ్చి, రాత్రి తొట్టిలో వదిలి, మూత పెట్టి పడుకున్నాం. పాము దాన్ని తింటుందనుకున్నాం. తెల్లవారి చూస్తే ఎలుక బతికే ఉంది. పాము వీపు మీద రెండు చోట్ల మాంసం కనిపిస్తోంది. తినడానికి ఇష్టంలేని పామును ఎలుకే కొరికింది.

ఆ ఉదయం భయపడే మనిషే ముందు తొట్టి మూత తీశారు. పాత నూలు చీర ముక్కలో పామును చుట్టి పెట్టెలో పెట్టారు. ఇలాంటి ప్రాణులను చూసే పశువైద్యుడు ఎక్కడున్నాడో నాలుగు ఫోన్లు చేసి తెలుసుకున్నాం. ఆటోవాడికి పెట్టెలో ఏముందో చెప్పలేదు. అడిగితే "మందులు" అని ఉండేవాళ్లం. సెడ్ టు కంటైన్!

డాక్టరు కుర్రవాడు. చూడగానే "బాల్ పైథాన్" అన్నాడు. మేము వెంటనే ఒప్పుకోలేదు. "ఎలా చెప్పగలవు నాయనా?" అని అడిగాం. విసుక్కోకుండా చూపించాడు. పై పెదవి అంచున వరసగా చిన్న గుంటలు. చీకట్లో ఎలుక ఒంటి వేడిని పట్టేవి అవే. తోక మొదట్లో అడుగున రెండు పక్కలా బియ్యపు గింజలో సగమంత గోళ్లు. ఒకప్పుడు ఉండిన వెనక కాళ్ల గుర్తులట. పొట్టి మెడ, లావైన నడుము, ముదురు ఒంటిమీద గుండ్రటి లేత మచ్చలు, ముక్కు నుంచి కంటి మీదుగా పోయే గీత. అన్నిటికన్నా, భయపడితే బంతిలా చుట్టుకోవడం. ఆ పేరు దానివల్లే వచ్చింది. రెండో పేరు రాయల్ పైథాన్ అట. శాస్త్రజ్ఞులు పెట్టిన పైథాన్ రీజియస్‌లో రీజియస్ అంటే రాజుకు చెందినదని అర్థం. మా మనవడు ఏమీ తెలియకుండానే రాజా అని పెట్టాడు.

దాని సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా. ఘానా, టోగో, బెనిన్ దేశాల గడ్డినేలల్లో ఎలుకల బొరియల్లో పగలంతా పడుకుని, రాత్రి బయటికి వచ్చే ప్రాణి. బెనిన్‌లో విదా అనే ఊళ్లో ఈ పాములకు గుడి ఉంది. మనం నాగుల చవితికి పుట్టకు మొక్కినట్టే అక్కడివాళ్లు వీటిని మొక్కుతారు. ఇంట్లోకి పాము వస్తే కొట్టరు, తీసుకుపోయి గుడిలో వదులుతారు. మాదగ్గరున్నది ఆ నేలను చూసి ఉండదు, ఎవరి పెట్టెలోనో పుట్టి ఉంటుంది అన్నాడు డాక్టరు. తాతల ఊరు పేరు మాత్రమే తెలిసి, ఆ ఊరు ఎప్పుడూ చూడనివాళ్లం మన సంఘంలోనూ ఎంతమందిమో లేము. ఆ మాట విన్నాక దాన్ని "అది" అనడం తగ్గించి రాజా అనడం మొదలుపెట్టాం.

పేరు తెలిశాక మిగతా ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా విడిపోయాయి. తినకపోవడం ఈ జాతికి మామూలే. చోటు మారినా, భయపడినా, వేడి ఎక్కువైనా వారాలు, ఒక్కోసారి నెలలు తినదు. ఒళ్లు చిక్కకుండా ఉంటే కంగారు పడకూడదు. మేము తొట్టిని పడమటి కిటికీ పక్కన పెట్టాం. మే నెల మద్రాసు ఎండ గాజులోంచి నేరుగా పడేది. దానికి ఒక మూల 32 డిగ్రీల దాకా వెచ్చగా, ఇంకో మూల 26 దగ్గర చల్లగా ఉండాలి. ఎటు కావాలంటే అటు అదే జరుగుతుంది. 35 దాటితే ప్రమాదం. మేము చలికి భయపడి పెట్టిన చోటు దాన్ని ఉడికించింది. ఇప్పుడు లోపలి గదిలో, గోడ వారగా ఉంది. మార్గళి రాత్రుల్లో మాత్రం తొట్టి కింద ఒక పక్కకు వేడిచాప పెడతాం, వేడి మీరకుండా థర్మోస్టాట్ ఉన్నదే.

గాజు తొట్టిలో దాక్కోవడానికి చోటు లేకపోవడం ఇంకొక తప్పు. మనకు గాజు అందం, దానికి నడివీధి. రెండు మూలలా రెండు మట్టి కుండ పెంకులు బోర్లించాం. ఒళ్లు సరిగ్గా పట్టేంత ఇరుకైన చోటే దానికి ధైర్యం. అది మునిగేంత వెడల్పు గిన్నెలో నీళ్లు. పాలు పోయకూడదు, పాములు పాలు తాగవు. ఇది చెప్పినందుకు చవితి రోజు ఎవరూ మమ్మల్ని కోప్పడకండి. మన ఊరి గాలిలో తడి ఎలాగూ ఎక్కువే, తొట్టి అడుగు తడిసి ముద్దయితే పొట్ట పొలుసులు పుండ్లు పడతాయి. ఇటుకలు తీసేసి గట్టి కొక్కేల మూత చేయించాం.

ఇక తిండి. ప్రాణమున్న ఎలుక మళ్లీ పెట్టలేదు. చంపి గడ్డకట్టించిన ఎలుకలు అమ్మేవాళ్లున్నారు. పాము ఒంట్లో అన్నిటికన్నా లావుగా ఉన్న చోటి మందాన్ని మించనిది కొంటాం. మా వంటింటి ఫ్రిజ్జులో ఎలుక పెట్టడం గురించి ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయం. పాత చిన్న ఫ్రిజ్జు ఒకటి వెనక వరండాలోకి వచ్చింది, అంతే. ఎలుకను కరగనిచ్చి, గోరువెచ్చని నీళ్లలో సంచితో సహా వెచ్చబెట్టి, పొడుగు పట్టుకారుతో రాత్రి చూపిస్తాం. తిన్న తరువాత రెండు రోజులు ఎవరూ ముట్టుకోరు, ముట్టుకుంటే కక్కేస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి, పాముల ఒంటిమీద మనకు విరేచనాలు తెచ్చే క్రిములుంటాయి.

మందు రాస్తూ ఉంటే పుండు మానింది. జూలై మొదట్లో కళ్లు నీలంగా మసకబారాయి. గుడ్డిదైపోయిందని ఏడుపొచ్చింది మాలో ఒకరికి. అది కుబుసం విడిచే ముందు వచ్చే మసక. ముక్కు నుంచి తోక దాకా ఒకే ముక్కగా కుబుసం వచ్చింది, పుండ్ల చోట మాత్రం రెండు చిల్లులు. ఆ తరువాతి వారం, మేము లెక్కపెట్టిన అరవై ఎనిమిదో రోజున, ఎలుకను పట్టుకుంది. అర్ధరాత్రి పుణెకు ఫోన్ చేసి వాణ్ణి లేపి చెప్పాం.

పేరు తెలియడం వల్ల ఇంకొక పని పడింది. బాల్ పైథాన్ అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం జాబితాలో ఉన్న ప్రాణి. 2022లో సవరించిన మన వన్యప్రాణి చట్టం అలాంటి విదేశీ ప్రాణులను నాలుగో షెడ్యూలులో పెట్టింది. ఇంట్లో ఉన్నవాటిని పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆరు నెలల్లో నమోదు చేయాలని 2024 ఫిబ్రవరి చివర్లో నిబంధనలు వచ్చాయి. ఆ గడువు ఆగస్టు దాకా. అంగడివాడు ఈ సంగతి చెప్పలేదు. చెప్పినా, ఏ జాతి అని అడిగే గడిలో "ఫ్యాన్సీ పైథాన్" అని రాయలేం కదా. డాక్టరు చీటీ చేతిలో ఉండబట్టి జూలైలోనే దరఖాస్తు పెట్టాం. ఇప్పుడు కొనేవాళ్లు పాముకంటే ముందు దాని కాగితాలు అడగండి. "రెండు తలల పాము, అదృష్టం" అని ఎవరైనా తెస్తే అది మన నేలలోని మణ్ణుళి పాంబే. దానికి రెండు తలలూ ఉండవు, అదృష్టమూ ఉండదు. చట్టం కాపాడే ప్రాణి, ముట్టుకోకండి.

చాలామంది మాకు ఒక సులువు చెప్పారు: "ఎందుకీ తిప్పలు, రెట్టేరి చెరువు దగ్గర వదిలేయండి." ఆ మాట మాకూ ఒకటి రెండుసార్లు తోచింది. అమెరికాలో ఫ్లోరిడాలో పెంపుడు బర్మా కొండచిలువలు అలాగే అడవిలో పడి, పెరిగి, అక్కడి ప్రాణులను తినేస్తుంటే, 2017లో వాటిని పట్టడానికి మన చెంగల్పట్టు వైపు ఇరుళ పెద్దలు ఇద్దరిని విమానంలో తీసుకుపోవలసి వచ్చింది. వడివేల్ గోపాల్, మాసి సడైయన్. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. బళ్లో చదవని ఆ ఇద్దరికి మట్టిమీద జాడ చూస్తే పాము ఏదో తెలుస్తుంది. మనకు ఆ విద్య లేదు. కనీసం వాళ్లకు కొత్త పని పెట్టకుండా ఉండగలం.

చివరి సంగతి చెప్పడం కష్టంగా ఉంది. ఈ పాము నాలుగైదు అడుగులు పెరుగుతుంది. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు బతుకుతుంది. మేము అరవైలు దాటినవాళ్లం. డాక్టరు ఆ లెక్క చెప్పినప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంగడివాడు మా మనవడికి అమ్మింది రెండడుగుల బొమ్మను. మా ఇంటికి వచ్చింది మా తరువాత కూడా ఉండబోయే ప్రాణి.

పోయిన పొంగలుకు వాడు వచ్చినప్పుడు ఈ మాట సూటిగా అడిగాం. "మేము పోయాక దీన్ని ఎవరు చూస్తారు?" వాడు చాలాసేపు మాట్లాడలేదు. రాజా వాడి మణికట్టు చుట్టూ మెల్లగా తిరుగుతోంది. "నేను కొన్నాను తాతా, నేనే" అన్నాడు. మరుసటి రోజు పాత చీటీ తీసేసి కొత్తది రాసి తొట్టికి అంటించాడు. ఈసారి జాతి పేరు, వేడి ఎంతుండాలో, డాక్టరు నంబరు, కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో, అన్నిటికన్నా కింద వాడి పేరు, సంతకం.

పంక్తిలో నవ్వని ఆ ఇద్దరికీ మేము చెప్పేది ఇంతే. పిల్లల్ని తిట్టకండి. అంగడికి పోయేముందు ఆ పాము అసలు పేరు, దాని కాగితం, అది ఎంతకాలం బతుకుతుందో, అంతకాలం ఎవరు చూస్తారో ఒక చీటీ మీద రాసి తెమ్మనండి. రాయగలిగితే మా ఇంటికి తీసుకురండి, రాజాను చూపిస్తాం. రాయలేకపోతే ఇంకొంతకాలం ఆగమనండి.

కాఫీ మాత్రం రెండు రకాలవాళ్లకూ ఇస్తాం. పాలు పాత ఫ్రిజ్జులోవి కావు.